మాంసం ఉడికేంత దూరం

కొండల ఊరు కరకోల్‌లో బుర్మాకన్ చేతి వంటకి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు. ఆవిడకి అదే శాపమైంది. కొండలెక్కడానికి వచ్చే జట్ల వెంట పదహారేళ్ళుగా డేగిశా మోసుకుని తిరుగుతోంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి, గట్టి, నోరు ఇంకా గట్టి. ఏ వాగు ఏ వేళకి పొంగుతుందో, ఏ వాలులో రాళ్ళు జారతాయో ఆవిడకి తెలిసినంతగా గైడులకే తెలియదు. అయినా దారి గురించి మాటలు నడుస్తున్నప్పుడు ఆవిడ నోరు తెరిస్తే చాలు, "అక్కా, కాస్త టీ పెడుదూ" అనేవారు. పెట్టేది కూడాను. ఏం చేస్తుంది, వాళ్ళ దాహం నిజమే కదా.

ఆ జట్లని నడిపేది తుర్దుబెక్. ముప్పై ఆరేళ్ళవాడు, మంచివాడు, మాటకారి. చేతికి గుమ్మడికాయ ముక్కంత గడియారం ఒకటి ఉంటుంది. ఎంత ఎత్తెక్కామో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో అన్నీ చెబుతుందది. బుర్మాకన్ దాన్ని "మా మరదలు" అంటుంది. సొంత పెళ్ళాం మాటైనా కాదంటాడు గానీ, గడియారం మాట జవదాటడని ఆవిడ ఆరోపణ.

మే నెలలో అల్మాతీ పట్నం నుంచి ఆరుగురు ఉత్తరం రాశారు. అందరూ ఒకే బళ్ళో మాస్టర్లు. జూన్ రెండో వారంలో తెరెక్తీ, అక్-బెల్ కనుమలు రెండూ దాటాలని వాళ్ళ కోరిక. మామూలుగా జులైకి గానీ ఆ దారి తెరుచుకోదు.

"రావద్దని రాసేస్తున్నా," అన్నాడు తుర్దుబెక్.

బుర్మాకన్ అక్కడే కూర్చుని, నూనెలో వేయించే బోర్సోక్‌లకి పిండి కోస్తోంది. "ఎందుకట?"

"అక్-బెల్ మీద ఇంకా నడుంలోతు మంచుంటుందక్కా. గుర్రం కూడా పోదు."

"జడలబర్రెలు పోతాయిగా. బైతిక్ తాత ఏటా జూన్‌లోనే తోలతాడు."

"వీళ్ళు జడలబర్రెలు కారు, లెక్కల మాస్టర్లు."

"నేను తీసుకెళ్తా," అంది బుర్మాకన్. అనేశాక గానీ అన్నానని ఆవిడకే తెలియలేదు.

తుర్దుబెక్ నవ్వాడు. వెక్కిరింత కాదు, నిజంగానే నవ్వొచ్చింది. "నువ్వు ముందు నడిస్తే వంటెవరు చేస్తారక్కా?"

"నువ్వు చెయ్యి."

ఈసారి అతను నవ్వలేదు. ఆవిడ కత్తి కింద పెట్టి మరీ అంది ఆ మాట. అతను బుర్ర గోక్కుని, "సరే. దారి నువ్వే గీయి," అన్నాడు. "అక్-బెల్ దాటించావా, ఆఫీసు గోడ మీద బోర్డులో గైడుల పేర్ల సరసన నీ పేరు. కనుమ కింద నుంచి వెనక్కి తిప్పావా, ఇంక ఈ మాట ఎత్తకూడదు. డేగిశా జీవితాంతం నీదే."

"ఈ ప్రయాణం అయ్యేదాకా డేగిశా నువ్వు మొయ్యాలి మరి."

"మోస్తా."

ఇంటికెళ్ళే దారిలో బుర్మాకన్ ఆ పందెమే తలుచుకుంది. పదహారేళ్ళు కడుపులో దాచుకున్న కోరిక ఒక్క మాటలో బయట పడిపోయింది. ఓడితే దాన్ని తిరిగి లోపల దాచుకోవడం కుదరదని ఆవిడకి తెలుసు.

మర్నాడు ఇద్దరూ కలిసి బైతిక్ తాత ఇంటికి వెళ్ళారు. లోయ చివర చలికాలం కొట్టాల పక్కన ఉంటాడాయన. డెబ్భై నాలుగేళ్ళు. అరవై జడలబర్రెలు. జన్మలో గడియారం పెట్టుకోలేదు. బుర్మాకన్ ఆయన తెగలోకే కోడలిగా వచ్చింది కాబట్టి ఆవిడని కోడలా అనే పిలుస్తాడు. తుర్దుబెక్ మ్యాపు పరిస్తే, దాని మీద రొట్టె పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు.

"తాతా, నది గట్టు నుంచి కనుమ కింది రాళ్ళ దొడ్డికి ఎంతసేపు?" అని అడిగింది బుర్మాకన్.

"ఒక గుర్రం పితుకు."

పితికిన గుర్రాన్ని మళ్ళీ పితికేంత సేపని. గంటన్నర. దాంట్లో తగాదా లేదు.

"దొడ్డి నుంచి అక్-బెల్ నెత్తికి?"

"మంచులోనా? ఒక మాంసం ఉడుకు."

తుర్దుబెక్ చకచకా రాసుకున్నాడు. "మాంసం ఉడకడానికి రెండు గంటలు. మొత్తం మూడున్నర. ఎప్పటిలాగే నది గట్టున గుడారాలేసుకుని, వెలుగు రాగానే ఐదింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకి నెత్తి మీదుంటాం. మంచు మెత్తబడేది పది దాటాకే. అబ్బే, తేలికే అక్కా!"

బుర్మాకన్ మ్యాపు చూడటం లేదు. తాతనే చూస్తోంది. "తాతా, ఏం మాంసం?"

"అదిగో, వంటింటి ప్రశ్న," అన్నాడు తుర్దుబెక్.

"నువ్వాగు. తాతా, అక్కడ మీరు వండేది గొర్రెపిల్లనా?"

"గొర్రెపిల్ల మీ పట్నంవాళ్ళకే. మేం కోసేది పళ్ళూడిన ముసలి జడలబర్రెని. నాకన్నా ముసలిది."

"వండేది ఇక్కడా, పైనా?"

"పైదారికి పైలెక్కే కదమ్మా!" అన్నాడు తాత, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎలా అడిగావన్నట్టు.

బుర్మాకన్ తుర్దుబెక్ చేతిలోని పెన్సిలు లాక్కుంది. పైకెక్కేకొద్దీ నీళ్ళు గబగబా మరుగుతాయి కానీ ఆ మరుగులో పస ఉండదు. కరకోల్‌లో రెండు గంటల్లో మెత్తబడే మాంసం, దొడ్డి దగ్గర మూడు గంటలకి కూడా చెప్పుతోలులా సాగుతుంది, నాలుగు పట్టాల్సిందే. ఆ మాంసంతో పదహారేళ్ళుగా కుస్తీ పడుతున్నది ఆవిడే. రెండు కొట్టేసి నాలుగు వేసింది. నది గట్టు నుంచి బయల్దేరితే ఐదున్నర గంటల నడక. నెత్తి చేరేసరికి పదిన్నర అవుతుంది. అప్పటికి మంచు జావైపోయి, మాస్టర్లు నడుందాకా దిగబడి ఉంటారు.

"నది గట్టున వద్దు. రాళ్ళ దొడ్డిలోనే పడుకుందాం," అంది.

"అక్కడ పుల్ల కూడా దొరకదక్కా. పొయ్యిలో ఏం పెడతావు?"

"పిడకలు మోసుకుపోదాం."

"ఎవరు మోస్తారు?"

"వంటమనిషి."

బైతిక్ తాత నవ్విన నవ్వుకి టోపీ ఊడి మ్యాపు మీద పడింది. తన మంద పదో తారీఖున కనుమ దాటుతుందని అప్పుడే మాటిచ్చాడు. బుర్మాకన్‌కి కావలసింది అదే. అరవై జడలబర్రెలు తొక్కుకుంటూ పోతే మంచులో కాలవ తవ్వినట్టు దారి పడుతుంది. రాత్రి చలికి అది గట్టిపడుతుంది. పదకొండు పొద్దున్నే తన జట్టుని దాని మీద నడిపించాలని ఆవిడ పథకం. తుర్దుబెక్ ఎంత వెతికినా అందులో లొసుగు దొరకలేదు.

ఎనిమిదిన బయల్దేరారు. తెరెక్తీ కనుమ తేలిగ్గానే దాటారు. తుర్దుబెక్ డేగిశా, పిడకల మూటలు, తిండి సంచి మోస్తూ జట్టు వెనకాల రొప్పుకుంటూ నడిచాడు. "వంటాయనా, మధ్యాహ్నానికేమిటి?" అని మాస్టర్లు అరగంటకోసారి అడిగేవారు. "మీ తలకాయల పులుసు," అని అతను జవాబిచ్చేవాడు.

పదో తారీఖు మధ్యాహ్నం రాళ్ళ దొడ్డి చేరారు. బుర్మాకన్ తలెత్తి అక్-బెల్ వైపు చూసింది. ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా ఉంది కనుమ. దాని మీద ఒక్క గీత లేదు. జడలబర్రెలు రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. "అయ్యో నా మతిమరుపు తగలెయ్య! తొట్టెల పండగ!"

బైతిక్ తాత మేనల్లుడికి కొడుకు పుట్టాడు. తొమ్మిదిన తొట్టెల్లో వేశారు. ఆ పిలుపు బుర్మాకన్‌కీ వచ్చింది, దుప్పటి కుట్టి పంపింది కూడా. విందు జరుగుతుంటే ఆ లోయలో ఏ మగాడూ మంద తోలడు. తోలితే చుట్టాలు మొహం చూడరు. ఆవిడ దారి లెక్కలో మంచు వేసింది, ఎండ వేసింది, మాంసం ఉడుకు వేసింది, విందు మాత్రం వెయ్యలేదు. మ్యాపు పట్టుకు తిరిగే పరాయివాడైతే ఆ తప్పు చేసే అవకాశమే లేదు. వాడికి బర్రెల సంగతే తెలియదు.

ఆవిడ కర్ర తీసుకుని ఒక్కతే పైకి వెళ్ళింది. ముప్పై అడుగులు వేసేసరికి తొడల దాకా దిగబడింది. తిరిగొచ్చింది. తుర్దుబెక్ ఎదురెళ్ళి చెయ్యందించాడు. "వెనక్కి వెళ్దామా అక్కా?" అన్నాడు మెల్లగా. దెప్పిపొడుస్తాడనుకుంది. దెప్పలేదు. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

"వెళ్ళం. ఆగుతాం," అంది ముక్కు తుడుచుకుని. "రేపంతా ఇక్కడే."

"తిండి రేపు పొద్దుటిదాకానే ఉందిగా?"

"నీ సంచి అడుగున చూడు."

చూస్తే గుడ్డలో చుట్టిన మాంసం పెద్ద ముద్ద, బోర్సోక్‌లు, గుప్పెడు ఎండుపెరుగు కురుత్ ఉండలు. "ఇదా నా నడుం విరగ్గొట్టింది!" అని అరిచాడు.

"వంటమనిషి ఎప్పుడూ ఒక రోజు తిండి ఎక్కువ మోస్తుంది. పదహారేళ్ళు నేను మోశాను. నువ్వు మూడు రోజులు మోశావు. గోల చెయ్యకు."

ఎక్కువ ఉన్నది ఒక్క రోజుకే. పదకొండు సాయంత్రానికీ మంద రాకపోతే తిరగక తప్పదు. ఆ మాట ఆవిడే అందరికీ చెప్పింది. గైడు అలాంటివి దాచకూడదని ఆవిడ అభిప్రాయం.

మర్నాడు తుర్దుబెక్ ఆ మాంసం పొయ్యి మీద పెట్టాడు. గడియారం చూసి సరిగ్గా రెండు గంటలకి దించాడు. అందరికన్నా పెద్ద మాస్టరు ఒక ముక్క కొరికి, చాలాసేపు నమిలి, మర్యాదగా దోసిట్లోకి ఉమ్మేశాడు.

"ఇంకో రెండు గంటలు," అంది బుర్మాకన్, కనుమ మీంచి చూపు తిప్పకుండా.

నాలుగు గంటలకి ఉడికింది. తుర్దుబెక్ తింటూ తింటూ ఒకసారి గడియారం వైపూ, ఒకసారి నది గట్టు వైపూ చూసుకుని, ఇంకో ముక్క తీసి ఆవిడ గిన్నెలో వేశాడు. అతని మటుకు అది క్షమాపణే.

పొద్దు వాలుతుండగా కింది నుంచి గుర్రుగుర్రుమని చప్పుడు. ఆ తరవాత నల్లటి వీపులు. వాటి వెనకాల గుర్రం మీద అటూ ఇటూ ఊగుతూ బైతిక్ తాత.

"కోడలా! తిట్టకు తల్లీ! మనవడు తొట్టెల్లో పడ్డాక తాగకుండా ఎలా ఉంటాను?"

"తిడతాను! రెండు రోజులు తాగారా?"

"రెండున్నర," అన్నాడు నిజాయితీగా.

బుర్మాకన్ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. మంద ఆగలేదు. పెద్ద దున్న భుజాలతో మంచుని తోసుకుంటూ పైకి పోతుంటే మిగతావి దాని వెంట వరసగా పోయాయి. చీకటి పడేలోపు అక్-బెల్ మీద కింది నుంచి నెత్తిదాకా గీత పడింది.

తెల్లారి ఐదింటికి బుర్మాకన్ ఆ గీత మీద మొదటి అడుగు వేసింది. గట్టిగా ఉంది. ఒక్కొక్కరి నడక చూస్తూ, ఒకరి సంచి బిగిస్తూ, ఒకరిని కసురుతూ తీసుకుపోయింది. తొమ్మిదింటికి పది నిమిషాల ముందు ఆరుగురు మాస్టర్లూ కనుమ మీద రాళ్ళపై కూలబడి, ఒకరినొకరు వాటేసుకుని, ఫొటోలు తీసుకుంటున్నారు. అరగంట తరవాత, గిన్నెలన్నీ కట్టుకుని, తుర్దుబెక్ పైకొచ్చాడు. మొహం బీట్‌రూట్ దుంపలా ఉంది.

అతను రాగానే మాస్టర్లు లేచి సంచులు తగిలించుకున్నారు. ఎక్కడైనా అంతే. ఆఖరి మనిషి వస్తే జట్టు కదులుతుంది. ఈ కొండల్లో ఆ ఆఖరి మనిషి పదహారేళ్ళుగా బుర్మాకనే. ఎంగిలి గిన్నెలు కడిగి, పొయ్యి ఆర్పి, మూట కట్టుకుని ఆవిడ పైకొచ్చేసరికి మిగతావాళ్ళ అలసట తీరిపోయేది. అందరూ లేచేవారు, ఆవిడ నిలబడ్డ కాళ్ళతోనే దిగేది. ఏ కనుమ మీదా ఒక్కసారైనా కూర్చున్న పాపాన పోలేదు.

"కూర్చోండి," అంది.

"అందరం వచ్చేశాంగా?" అన్నాడు పెద్ద మాస్టరు.

"వంటాయన ఇప్పుడే వచ్చాడు. ఆయన కూర్చుని ఊపిరి తీసుకున్నాకే లేద్దాం."

తుర్దుబెక్ డేగిశా దించబోయి ఆగాడు. ఆవిడ వైపు చూశాడు. అతనికి ఇప్పుడు తట్టింది. "అక్కా... నేనెప్పుడూ నిన్ను..."

"అవును, ఎప్పుడూ. కూర్చో ముందు."

"గైడు చెప్పాక తప్పుతుందా," అన్నాడు, మాస్టర్లందరికీ వినపడేలా. ఆవిడ పక్కన రాయి మీద చతికిలబడ్డాడు. మాస్టర్లు కూడా సంచులు దించి మళ్ళీ కూర్చున్నారు. అవతలి వాలు మీదికి ఎండ వచ్చి మంచు మెత్తబడటానికి ఇంకా గంట పడుతుందని బుర్మాకన్ ముందే లెక్కవేసి ఉంది.