పెద్దాయన దగ్గు

మోకాళ్ళు మెట్లెక్కలేమని మొరాయించే వయసులో ఆకాశమెక్కాలని సంకల్పించిన మహానుభావుడతను. స్వదేశంలో ఒక పెద్ద కార్యాలయంలో సూపరింటెండెంటు. నలభై ఏడో ఏట ఆ కుర్చీకి నమస్కారం పెట్టి, పరాయి దేశంలో విమానాల బడిలో చేరి, కొడుకు ఈడు పిల్లల పక్కన కూర్చుని లైసెన్సు సంపాదించాడు. ఆ పిల్లలు పెట్టిన పేరే పెద్దాయన. ముద్దుకు కాదు.

లైసెన్సు ఉన్నంత మాత్రాన విమానం ఎవరిస్తారు? ఆ వయసు విదేశీయుణ్ణి పరీక్షకు పిలిచిన సంస్థ ఒక్కటంటే ఒక్కటే. అదీ తప్పితే ఆ దేశంలో ఉండనివ్వరు.

"జాగ్రత్తండీ," అంది భార్య ఫోనులో. "మా అన్నయ్య ఇప్పటికే మిమ్మల్ని గాల్లో మేడలు కట్టే మేస్త్రీ అంటున్నాడు."

"రేపట్నుంచి కో-పైలట్ బావగారు అనమను."

పరీక్ష సిమ్యులేటర్లో. అంటే ఇనుప కాళ్ళమీద నిలబెట్టిన పెద్ద పెట్టె. లోపల విమానంలో ఉండేవన్నీ ఉంటాయి, చావొక్కటి తప్ప. ఎడమ సీట్లో మీసం సరిగ్గా రాని కెప్టెన్. వెనక పరీక్షాధికారిణి, కంట్రోలు టవరు గొంతు కూడా ఆవిడదే. ఇంజను ఆరిపోయినా పెద్దాయన తొణక్కుండా చెయ్యాల్సినవన్నీ చేశాడు.

దిగే వేళ టవరు నాలుగువేల అడుగుల కంటే కిందికి రావద్దంది. కెప్టెన్ ఎత్తు మీటను మూడువేలకు తిప్పాడు. పెద్దాయన చూశాడు. కింద కొండలున్నాయని కూడా తెలుసు. వెంటనే తన కర్తవ్యం నెరవేర్చాడు.

దగ్గాడు.

అది జలుబు దగ్గు కాదు. పై అధికారి తప్పు కాగితం మీద సంతకం పెట్టబోయినప్పుడల్లా దగ్గి, ఏళ్ళ తరబడి పదును పెట్టుకున్న దగ్గు. 'అయ్యా, తమరు మరొక్కసారి చిత్తగిస్తే...' అని దాని తాత్పర్యం. ఎందరు దొరల పరువు కాపాడిందో లెక్కలేదు.

"మంచినీళ్ళు కావాలా?" అన్నాడు కెప్టెన్.

"అబ్బే, వద్దు సార్."

మరికాస్త గట్టిగా దగ్గాడు. ఈలోపు యంత్రమే "నేల! నేల! పైకి లేపు!" అని అరిచింది. యంత్రానికి చిన్నా పెద్దా లేదు కదా! తెరంతా ఎర్రబడి ఆగిపోయింది.

"అతను కావాలనే తప్పు ఎత్తు పెట్టాడు," అంది ఆవిడ. "మీరు చూడలేదా?"

"ఎందుకు చూడలేదండీ! తిప్పగానే చూశాను," అన్నాడు, కాస్త గర్వంగానే.

"మరి చెప్పలేదేం?"

"సారు చూసుకుంటారనుకున్నాను."

సారు తల వంచుకుని తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"చూడలేదంటే మళ్ళీ శిక్షణకు పంపేదాన్ని. చూడ్డం నేర్పగలం. చూసి ఊరుకునేవాణ్ణి ఎవరి పక్కన కూర్చోబెట్టమంటారు?"

కనీసం ఇప్పుడైనా ఎదురు చెబుతాడేమోనని ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"తమరన్నది నిజమేనండీ," అన్నాడు పెద్దాయన.

గదికి చేరేసరికి ఫోను మోగింది.

"ఏమైందండీ?"

"తప్పాను. కుర్ర కెప్టెన్ తప్పు చేస్తుంటే నోరు మెదపలేదట."



"కూరలో ఉప్పు పిసరంత తగ్గితే వీధంతా వినబడేలా చెబుతారే! ఆ కుర్రాడు కూడా నేనే అనుకుని చెప్పలేకపోయారా?"

పెద్దాయన ఫోను చెవికి ఆనించుకునే వంగి, మంచం కింది సూట్‌కేసు బయటికి లాగాడు.