వీధి గుమ్మం

మా ఆఫీసుకు సర్వర్లు పెట్టే కొత్త ర్యాక్ వచ్చింది. గుమ్మంలో పట్టలేదు. వడ్రంగి తలుపు రెక్కలు ఊడదీస్తుంటే తుప్పు పట్టిన బందులు కిర్రుమన్నాయి. టీ గ్లాసు పక్కన పెట్టి అలాగే కూర్చుండిపోయాను. దానియేలు గారు పోయి ఇన్నేళ్లయినా ఆ చప్పుడు నన్ను వదల్లేదు.

శ్రీకాకుళంలో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో నా మొదటి ఉద్యోగం. అక్కడి కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కు దానియేలు గారు. చీపురుపల్లి మనిషి, కూలీ కొడుకు. ఇంటి దగ్గర్నుంచి కూడా కాలేజీ సర్వర్‌లోకి వచ్చే ఏర్పాటు చెయ్యమని నాకు అప్పగించారు. సర్వర్‌కి వేల గుమ్మాలుంటాయి, ఒక్కో దానికి ఒక్కో నంబరు. వాటినే పోర్టులంటారు. దొంగలకు దొరకకూడదని ఎవరూ ఊహించని నంబరొకటి పెట్టి మురిసిపోయాను. ఆయన చూసి నవ్వారు. "బాగానే దాసేవమ్మీ. తాళం గట్టిదుండాల గానీ గుమ్మం దాస్తే ఏటొస్తాది? బయట ఊళ్లో కాపలావోడు ఎరగని గుమ్మమైతే మననీ పోనివ్వడు." సర్లే, అవసరమొచ్చినప్పుడు నీకే తెలుస్తాదని వదిలేశారు.

ఆ అవసరం ఆయనకే వచ్చింది. కిడ్నీలు పాడై విజయనగరంలో ఆస్పత్రిలో చేరారు. ఊరికే పడుకోగలిగే మనిషి కాదు, మంచం మీదే ల్యాప్‌టాప్ తెరిచారు. అక్కడి నెట్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ వెబ్ పేజీలు తప్ప మరేదీ పోనివ్వడం లేదు. ఫోన్‌లో ఆయన గొంతు నీరసంగా ఉంది. "పని లేకపోతే ఈ మంచం నన్ను మింగేస్తాదే అమ్మీ." నాకు ఏడుపొచ్చింది. చాటుగా దూరే దారేదైనా వెతకనా సార్ అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. "ఒద్దు. మా అయ్య బతికినన్నాళ్లూ కామందు ఇంటి దొడ్డిగుమ్మం కాడే నిలబడ్డాడు. ఈది గుమ్మం తొక్కనిచ్చీవోరు కాదు. నాను సాటుగా ఎక్కడికీ దూరను. ఇక్కడి కంప్యూటరాయన్ని అడిగేను, వెబ్ పేజీల దారిలో నీ ఆఫీసు పని సేసుకోమన్నాడు. నువ్వు మన గుమ్మం నంబరు 443కి మార్సు."

బ్యాంకు పేజీలు కూడా వచ్చేది ఆ నంబరు మీదే, దాన్ని మూసేవాళ్లు అరుదు. మా సర్వర్‌లో అది ఖాళీగానే ఉంది. మార్చాను. కాసేపటికి తెర మీద ఆయన పేరు కనిపించింది. "వచ్చేనే" అన్నారు ఫోన్‌లో, అంతే. ఆ తరవాత రోజూ ఉదయం ఆ పేరు కోసమే ఎదురుచూసేదాన్ని. పేరు కనబడితే ఆయన లేచి కూర్చున్నట్టు, నాకు ధైర్యం. ఒక సోమవారం కనబడలేదు. సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాను.

చీపురుపల్లిలో వాళ్ల ఇంటికి వెళ్లాం. పాస్టరు గారు ప్రార్థన చేశాక ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె ఎత్తారు. వీధి గుమ్మం ఇరుకు, పెట్టె పట్టలేదు. వెనక తలుపు పెద్దదే, ఖాళీ పెట్టె తెచ్చిందీ అటే కదా, అటు తీసుకెళ్దామన్నాడు బంధువొకాయన. అప్పటిదాకా గోడకానుకుని ఏడుస్తున్న ఆయన భార్య రూతమ్మ గారు లేచి నిలబడ్డారు. "మా ఆయన దొడ్డిదారిని ఎల్లడు. రెక్కలు ఊడదీయండి." ఎవరో వెళ్లి సుత్తీ ఉలీ తెచ్చారు. బందులు కిర్రుమన్నాయి.

ఇప్పటికీ ఎవరికైనా సర్వర్‌లోకి దారి ఏర్పాటు చెయ్యాలంటే, మీరు కూర్చునే చోట ఏ గుమ్మం తెరిచి ఉంటుందని ముందు అడుగుతాను. మా ఆఫీసు పిల్లలు నవ్వుకుంటారు. వాళ్లకేం తెలుసు.

ర్యాక్ లోపలికి వచ్చేసింది. రెక్కలు బిగించెయ్యనా అమ్మా అన్నాడు వడ్రంగి. కాసేపు అలాగే ఉండనివ్వమన్నాను.