మాన్యుఫ్యాక్చరింగ్ కోర్సుకు ముందు మిర్యాలగూడ మిల్లులో ఒక రోజు

ఆన్‌లైన్‌లో పీజీ స్థాయి మాన్యుఫ్యాక్చరింగ్ కోర్సుకు పేరు ఇచ్చాక, చేరేముందు ఏమేం తెలిసి ఉండాలో చెప్పే పేజీ చదివాను. సంభావ్యత, గణాంక శాస్త్రం, కొంచెం కలన గణితం, ఫ్యాక్టరీ పనితో పరిచయం. నేను బీటెక్ చదివి ఎనిమిదేళ్లయింది. ఫ్యాక్టరీ గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. వాళ్లిచ్చిన నమూనా పరీక్ష రెండుసార్లు తప్పాను. పేరు వెనక్కి తీసుకోవడానికి నాలుగు రోజులే గడువు. ఏమీ తోచక, కోదాడలో ఉండే మా పాత లెక్కల టీచర్ వసుంధర మేడమ్‌కు ఫోన్ చేస్తే, "రేపు పొద్దున్నే వచ్చెయ్" అన్నారు.

ఏడింటికి సూర్యాపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లం కాబట్టి ఆధార్ చూపిస్తే చాలు, డబ్బుల్లేని జీరో టికెట్. గంటలో కోదాడ. మేడమ్ మూడు లెక్కలిచ్చారు, మూడూ చేశాను. "సరే, విచలనం అంటే ఏంటో నీ మాటల్లో చెప్పు" అన్నారు. పుస్తకంలోని సూత్రమే అప్పజెప్పాను.

"నీకు లెక్కలు రాక కాదమ్మా. దేన్ని లెక్కపెడుతున్నావో ఎప్పుడూ చూళ్లేదు, అంతే. మిర్యాలగూడలో మా తమ్ముడికి రైస్ మిల్లుంది. చెప్తాను, ఇప్పుడే వెళ్లు" అంటూ ఇడ్లీలు తినిపించి మరీ పంపారు.

హుజూర్‌నగర్, గరిడేపల్లి మీదుగా గంటన్నర ప్రయాణం. బస్టాండు నుంచి మిల్లుకు ఆటో యాభై రూపాయలు. అక్కడ మిషన్ నడిపే సైదులు గారు యాభై దాటిన మనిషి. దుమ్ము పోకుండా ముక్కుకు కట్టుకొమ్మని ఉతికిన తువ్వాలు ఇచ్చారు. అరగంటకోసారి ఆయన పిడికెడు బియ్యం పళ్లెంలో పరిచి, విరిగిన గింజలు, అంటే నూకలు, ఎన్నున్నాయో చూస్తున్నారు. నేను వందేసి గింజలు లెక్కపెట్టి నోటుబుక్కులో చుక్కలు పెట్టాను. ఐదు నూకలు, ఏడు, నాలుగు, ఉన్నట్టుండి పది.

"పెరిగాయి కదా, మిషన్ సరిచేయరా?" అన్నాను.

"ఒక్కపారికే పరేషాన్ గావొద్దు బిడ్డా. వడ్లన్నీ ఒక్కతీరుగ ఉంటయా? జర ఆగి సూడు. మల్లమల్ల గట్లనే వస్తే మిషన్ల ఏదో అయినట్టు. ఊకె తిప్పితే మంచిగున్నది గూడ ఖరాబైతది."

తర్వాతి పిడికెడులో ఆరే. మధ్యాహ్నమంతా అంకెలు ఆ హద్దుల్లోనే ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. మూడు గంటలు దాటాక వరసగా పదకొండు, పన్నెండు, పద్నాలుగు. నేను తలెత్తేసరికే సైదులు గారు మిషన్ ఆపేశారు. లోపల వడ్ల పొట్టు తీసే రబ్బరు రోలర్ ఒకవైపు అరిగిపోయింది. బీటెక్‌లో సూత్రంగా బట్టీ పట్టిన విచలనం, అంటే అంకెలు సగటుకు అటూ ఇటూ ఊగడం, మొదటిసారి నా కళ్లముందు కనిపించింది. దండం పెట్టబోతే ఆయన సిగ్గుపడి, "మంచిగ సదువుకో. మల్లొచ్చి నాకు జెప్పు" అన్నారు.

పేరు వెనక్కి తీసుకోలేదు. మూడోసారి పరీక్ష గట్టెక్కాను, కోర్సు ఇప్పుడు రెండో నెలలో ఉంది. కలన గణితం ఇంకా ఏడిపిస్తూనే ఉంది, ప్రతి ఆదివారం మేడమ్ ఫోన్లో ఓపిగ్గా చెబుతున్నారు. నా సన్నద్ధతలో సగం ఆవిడది, సగం సైదులు గారిది. ఇద్దరూ నా దగ్గర ఏమీ ఆశించలేదు. ఇలాంటి కోర్సులో చేరబోతుంటే, మీ దగ్గర్లోని మిల్లుకో వర్క్‌షాపుకో ముందే ఫోన్ చేసి ఒక రోజంతా అక్కడ గడపండి. ఆఫీసు గదిలో కూర్చోకండి, మిషన్ పక్కన నిలబడే మనిషిని అడగండి.