ముడతల తీర్మానం

భూమిని చల్లబరచాలని మా అపార్ట్‌మెంట్ వాళ్లం నిర్ణయించుకున్న రోజున కరెంటు లేదు. సెల్లార్‌లో పధ్నాలుగు మందిమి పాత పేపర్లతో విసురుకుంటూ కూర్చున్నాం. తొంభైల చివర్లో ఒక ఏప్రిల్ నెల అది. మాదాపూర్ గుట్టల్ని పేల్చి కంప్యూటర్ కంపెనీలకి మేడలు కడుతున్న కాలం. సాయంత్రం నాలుగింటికి సైరన్ మోగేది, వెనకే ఢామ్మనేది, మా వంటింటి గట్టు మీద గిన్నెలు అంగుళం జరిగేవి. రోజంతా లారీలు దుమ్ము లేపుకుంటూ పోయేవి.

సభ పెట్టింది నూటొకటో నంబరు ఫ్లాట్ సూపరింటెండెంటు గారు. కాకినాడ మనిషి, రిటైరై ఆర్నెల్లయింది. సంతకాలు పెట్టడానికి కాగితాలు లేక ఆయన చెయ్యి లాగుతోందని నా అనుమానం. ఒక పేపర్ కటింగు చదివి వినిపించారు. భూమి వేడెక్కుతోందట, బొగ్గూ పెట్రోలూ కాల్చడమే కారణమట. "చేతులు ముడుచుకు కూర్చుంటే రేపు మన పిల్లలు మనల్ని అడగరాండీ?" అన్నారు. అడుగుతారని అందరం ఒప్పుకున్నాం. ఆయన అధ్యక్షుడయ్యారు. నాకు ఆఫీసులో మినిట్స్ రాసే అలవాటుంది కాబట్టి నేను కార్యదర్శినయ్యాను. నాలుగొందల నాలుగులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి సాంకేతిక సలహాదారు. మిగతావాళ్లంతా మాలాగే కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఏదో ఒక సర్కారు కుర్చీలో కూర్చున్నవాళ్లు.

మొదటి నెల లెటర్‌హెడ్ మీద ఆకు బొమ్మ కుడివైపు ఉండాలా ఎడమవైపు ఉండాలా అన్న చర్చతో గడిచింది. రెండో నెలలో రబ్బరు స్టాంపు వచ్చింది. మూడో నెలలో ఇక ఏదైనా పని చేయకపోతే బాగుండదనిపించింది.

బొగ్గూ పెట్రోలూ కాల్చేవాళ్లెవరని వెతికాం. లారీలున్నాయి, కంపెనీల జనరేటర్లున్నాయి, గుట్టలు పేల్చే కాంట్రాక్టరున్నాడు. వాళ్ల జోలికి పోవాలంటే మా అందరికీ ప్రమోషన్లు గుర్తొచ్చాయి. చివరికి మా గేటు పక్కన కానుగ చెట్టు కింద ఇస్త్రీ బండి కనపడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, భూతాపం మీద మా కోపమంతా ఆ బొగ్గుల ఇస్త్రీపెట్టె మీదికి మళ్లింది.

ఆ బండి పాలమూరు నుంచి వచ్చిన ఒకావిడది. ఆవిడ మమ్మల్నెవర్నీ పేర్లతో పిలిచేది కాదు. ఫ్లాటు నంబరే మా పేరు. నేను మూడొందల రెండు. ఆవిడ భర్త గుట్టల దగ్గర బండలు కొట్టేవాడు. కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు. ఇల్లంతా ఆ ఒక్క బండి మీద నడిచేది. తీర్మానం గురించి చెప్పడానికి కార్యదర్శిగా నేనే వెళ్లాల్సి వచ్చింది.

"ఏడాదిలోగా బండి ఇక్కణ్నుంచి తీసేయాలట. ఈలోగా సభ్యులెవరూ ఇస్త్రీ బట్టలు కట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాం," అన్నాను.

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "గీ పెట్టెల బొగ్గులతోటి దునియా అంత ఉడుకైతున్నదా?"

"అట్లాగని పేపర్లో రాశారు."

"గా లారీల పొగతోటి కాదా?"

జవాబు లేనప్పుడు మాకు కోపం రావడం రివాజు కాబట్టి కోపం తెచ్చుకున్నాను. "నన్నడిగితే ఏం లాభం? తీర్మానం అధ్యక్షులవారిది."

"నేనేడికి పోవాలె మూడొందల రెండు? మా ఇంటాయన నడవనీకి ఇంకా శానా రోజులు పడ్తది. గీ నీడ ఇడిసిపెడితే ఇంకో జాగ ఎవరిస్తరు?" అని ఇస్త్రీపెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "సరే తీయ్. ఏడాది ఉంది గదా."

నేను ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేకపోయాను. తర్వాత మామిడికాయ పప్పు కాబట్టి తిన్నాను.

మర్నాటి నుంచి ముడతల ఉద్యమం మొదలైంది. పధ్నాలుగు కుటుంబాల వాళ్లం నలిగిన బట్టలతో సిటీ బస్సెక్కేవాళ్లం. మా ఆయన్ని వాళ్ల బ్యాంకు మేనేజరు గదిలోకి పిలిచి, "ఇంట్లో అంతా కులాసాయేనా?" అని నెమ్మదిగా అడిగాడట. సాఫ్ట్‌వేర్ అబ్బాయి నలిగిన చొక్కా మీద టై కట్టుకుని పోతుంటే లాండ్రీలోంచి పారిపోయి వచ్చినట్టుండేవాడు. ఒక ఆదివారం బ్యానర్ పట్టుకుని చౌరస్తా దాకా ఊరేగింపు కూడా తీశాం. కట్టడం పనివాళ్లు తట్టలు దించి జాలిగా చూశారు. "ఏం సారూ, మీకు గూడ జీతాలు ఆపిన్రా?" అని ఒకతను అడిగాడు. సూపరింటెండెంటు గారు అక్కడికక్కడే బ్యానర్ చుట్టించి ఊరేగింపుని వెనక్కి తిప్పారు.

నేను పదిహేను రోజులు ఆగాను. పదహారో రోజు వచ్చేసరికి, మర్నాడు ఆఫీసులో మీటింగు ఉంది. నాకున్న ఒక్క మంచి గద్వాల చీర గేదె నమిలి వదిలేసినట్టుంది. పొద్దున్నే పాలు తేవడానికని బయల్దేరి, సంచిలో చీర పెట్టి, పైన గోంగూర కట్టలు పరిచి, వెనక సందులోంచి ఇస్త్రీ బండి దగ్గరికి చేరాను. తీర్మానం రాసిన చేత్తోనే సంచి అందించాను. ఆవిడ గోంగూర తీసి పక్కన పెట్టింది, చీర తీసుకుంది. "పొద్దు గూకకముందే వెనక సందుల ఇస్త," అంది అంతే.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు గోంగూర కొన్నాను. మా ఇంట్లో పప్పులో గోంగూర, పచ్చడి గోంగూర, మటన్‌లో గోంగూర. సంఘం మీటింగులకి వెళ్లే ముందు ఇస్త్రీ చీరని గుప్పిట్లో నలిపి మళ్లీ ముడతలు తెచ్చుకునేదాన్ని. ఇస్త్రీ చేయించడం కంటే నలపడమే కష్టమని అప్పుడు తెలిసింది. నేనొక్కదాన్నే ద్రోహినని లోలోపల కుమిలిపోయేదాన్ని. మిగతా పదమూడు మంది నిష్ఠ చూసి నా మీద నాకే అసహ్యం వేసేది.

వానాకాలంలో అరవై మొక్కలు నాటాం. అదీ మా పద్ధతిలోనే. ప్రతి మొక్కకీ రేకు బిళ్ల మీద నంబరు, ఆ నంబర్లకి ఒక హాజరు పట్టీ. ప్రతి సోమవారం నేను వెళ్లి హాజరు వేయాలి. పట్టీలో మూడు గడులు గీసిచ్చారు అధ్యక్షులవారు: హాజరు, సెలవు, డిప్యుటేషన్. చచ్చిపోయింది అని రాయడానికి గడి లేదు. గడి లేనిది నేనెలా రాస్తాను? పద్దెనిమిదేళ్ల సర్వీసు నాది. ఎండిపోయిన మొక్కకి దీర్ఘకాలిక సెలవు అని రాశాను. మేక ఎత్తుకుపోయిన మొక్కకి డిప్యుటేషన్ అని రాశాను. అధ్యక్షులవారు ప్రతి నెలా చివర్న సంతకం పెట్టి, "రోల్‌లో అరవై ఉన్నాయండీ," అని సంతృప్తిగా నిట్టూర్చేవారు. నీళ్లు పోయాలని ఏ తీర్మానంలోనూ లేదు కాబట్టి ఎవరం పోయలేదు.

అలా ఏడాది తిరిగింది. వార్షిక సమావేశం. అజెండాలో మూడో అంశం ఇస్త్రీ బండి తొలగింపుకి తుది ఆమోదం. అందరం శక్తికొద్దీ నలిగిన బట్టల్లో సెల్లార్‌కి చేరాం. గోడకి బ్యానర్ కట్టలేదేమని అడిగితే, "వస్తోందండీ, వస్తోంది," అన్నారు అధ్యక్షులవారు ఎటో చూస్తూ. ఇస్త్రీ ఆవిడని కూడా నిర్ణయం వినడానికి రమ్మని కబురు పెట్టారు.

ముందు ప్రగతి నివేదిక. సాఫ్ట్‌వేర్ అబ్బాయి బొగ్గు పొగ లెక్కలు కంప్యూటర్ కాగితం మీద తెచ్చాడు. చివర పట్టుకుని లాగితే లిఫ్టు దాకా పోయింది. తర్వాత మొక్కల హాజరు చదవమని నన్ను పిలిచారు. ఆ పూట నాకెందుకో ఒళ్లు మండింది. ఏడాదిగా రాస్తున్న అబద్ధాలన్నీ నెత్తిన ఉన్నట్టున్నాయి.

"రోల్‌లో అరవై. సెలవులో నలభై. డిప్యుటేషన్ మీద పదమూడు. హాజరు ఏడు," అని చదివాను. "సెలవు మీద వెళ్లినవి తిరిగి రావు. చచ్చిపోయాయి. డిప్యుటేషన్ మీద వెళ్లినవాటిని మేకలు తిన్నాయి. బతికిన ఏడూ ఇస్త్రీ బండి వెనక గోడ వెంట ఉన్నాయి. బట్టల మీద చల్లాక మిగిలిన నీళ్లు ఆవిడే పోసింది. మేకల్ని తోలింది. మొదళ్లలో బూడిద చల్లింది."

"అది వేరే అంశమండీ," అన్నారు అధ్యక్షులవారు పట్టీ నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెడుతూ. "ఇప్పుడు మూడో అంశం. బండి తొలగించాలనేవారు చేతులెత్తండి."

చేతులు సగం లేస్తుండగా ఇస్త్రీ ఆవిడ వచ్చింది. నెత్తి మీద పెద్ద మూట. దాన్ని తెచ్చి అధ్యక్షులవారి బల్ల మీద, హాజరు పట్టీ పైన దించి ముడి విప్పింది.

"రేపటికెల్లి బండి ఉండదన్నరు గదా. ఇగ వెనక సందుల ఇచ్చుడు కుదరదు. ఎవరియి వాళ్లు తీస్కోండ్రి."

మడత నలగని బట్టలు. చీరలు, చొక్కాలు, పంట్లాలు, దిండు గలీబులు. నా చీర అడుగున ఉంది. దాని పైన ఎన్నెన్ని ఇళ్ల బట్టలో. నేనొక్కదాన్నే ద్రోహినని ఏడాది పాటు కుమిలిపోయాను చూడండి, ఆ కుమిలిన రోజులన్నీ ఎవరు తిరిగిస్తారని ముందు మండుకొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది.

"ఎవరివమ్మా ఇవన్నీ?" అన్నారు అధ్యక్షులవారు, పాపం నీరసంగా.

"నంబర్లు నేను చెప్ప సారూ. ఏడాది సంది చెప్పలే, ఇప్పుడెందుకు చెప్త?"

ఒక్కరూ లేవలేదు. అందరూ సెల్లార్ పైకప్పు వంక చూస్తున్నారు, అక్కడేదో తీర్మానం రాసి ఉన్నట్టు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నిలబడింది. ఎవరూ తీసుకోకపోతే ఆ మూట మళ్లీ ఆవిడే మోసుకుపోవాలి, బండితో పాటు. ఆ తీర్మానం నా చేతిరాతలో ఉంది. లేచి వెళ్లి మూట అడుగునుంచి నా గద్వాల చీర లాగి తీసుకున్నాను.

"నాది," అన్నాను అవసరం లేనంత గట్టిగా.

సాఫ్ట్‌వేర్ అబ్బాయి లేచి నాలుగు చొక్కాలు, ఒక టై తీసుకున్నాడు. తర్వాత తోసుకున్నారు. దిండు గలీబుల దగ్గర ఇద్దరికి వాదన కూడా జరిగింది. చివరికి బల్ల మీద ఒకే ఒక్క బట్ట మిగిలింది. పొడుగ్గా, తెల్లగా, నాలుగు మడతల్లో చక్కగా ఇస్త్రీ చేసిన మా సంఘం బ్యానరు. పై మడత మీద 'భూమిని కాపాడండి' అని ఉంది.

అధ్యక్షులవారు దాన్ని చాలాసేపు చూశారు. "సంఘం ఆస్తి కదండీ. ముడతలుంటే అక్షరాలు కనపడవని..." అంటూ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. మళ్లీ చేతులెత్తమని అడగలేదు.

మినిట్స్ పుస్తకంలో ఆ రోజు నేను రాసింది రెండే వాక్యాలు. సభ్యులు ఎవరి బట్టలు వారు గుర్తుపట్టి తీసుకున్నారు. మూడో అంశం ఓటింగుకి రాలేదు.

మర్నాడు పొద్దున్న ఒక బిందెడు నీళ్లూ, రెండు చీరలూ పట్టుకుని ముందు గేటులోంచి బండి దగ్గరికి వెళ్లాను. నీళ్లు మొక్కలకి పోసి, చీరలు బండి మీద పెట్టాను. ఆవిడ చీరల్ని అటూ ఇటూ తిప్పి, కింద ఏముందో అని ఎత్తి చూసింది.

"ఏంది మూడొందల రెండు, ఇయ్యాల గోంగూర లేదా?"

"లేదు," అన్నాను.