నగరి చిత్రాంగదులు

మా నగరిలో "దేవరాజులూ" అని కేకేస్తే కనీసం నలుగురు తిరిగి చూసేవాళ్ళు. మా నేతగాళ్ళ వీధిలోనే ఇద్దరు. ఒకరు మా నాయన, మగ్గం దేవరాజులు. ఇంకొకరు వీధి మొగదల షాపు పెట్టుకున్న సైకిల్ దేవరాజులు. నేను రాస్తున్నది ఆ రెండో ఆయన గురించి. మా నాయన గురించి రాయమని ఎవరూ అడగలేదు. అడిగినా ఆయన మొండితనానికి ఒక పుస్తకం చాలదు.

సైకిల్ దేవరాజులు సన్నగా, పొడుగ్గా, పంచె నిండా గ్రీజు మరకలతో ఉండేవాడు. షాపంటే పెద్దదేమీ కాదు. ఒక రేకుల పంచ, గాలి పంపు, పంక్చరైన ట్యూబును ముంచి చూసే నీళ్ళ బక్కెట్టు, మడ్‌గార్డుల మీద అంకెలు వేసిన ఆరు అద్దె సైకిళ్ళు. బడిపిల్లలకు గాలి ఊరికే కొట్టేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "గాలి ఏమన్నా నేను నేసిందా?" అనేవాడు.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి భారతం. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు, దుర్యోధనుడు లాంటి వేషాలు బయటినుంచి వచ్చే మేళం వాళ్ళవి. చిల్లర వేషాలు మాత్రం మా వీధివాళ్ళకు వదిలేవాళ్ళు. వాటిలో ఒకటి చిత్రాంగదుల యుద్ధం. శంతనుడి కొడుకు పేరు చిత్రాంగదుడు. అదే పేరుతో ఒక గంధర్వుడు ఉన్నాడు. "నా పేరు నీకెందుకు? మార్చుకో, లేదంటే కత్తి తియ్" అని ఆ గంధర్వుడు వస్తాడు. మూడేళ్ళు కొట్టుకుంటారు, చివరికి రాకుమారుడు పడిపోతాడు. భారతం ముందుకు పోతుంది, వాళ్ళిద్దరి పేరూ మళ్ళీ ఎవరూ ఎత్తరు. మా ఊళ్ళో హరికథ ముగిశాక, పొద్దు ఉండగానే ఆడేసే పది నిమిషాల ముక్క అది.

పేరు కోసం కొట్టుకునే వేషాలు ఒకే పేరున్న ఇద్దరికి కాకపోతే ఎవరికిస్తారు? రాకుమారుడు మా నాయన, గంధర్వుడు సైకిల్ దేవరాజులు. ఊరికదొక వేళాకోళం. ఐదారేళ్ళు బాగానే కొట్టుకుని, బాగానే పడి, ఇద్దరూ కలిసి టీ తాగి ఇళ్ళకు వచ్చేవాళ్ళు.

డెబ్బై ఒకటిలో మా మేనమామలు పుత్తూరు నుంచి భారతం చూడ్డానికి వచ్చారు. ముందు వరసలో కూర్చున్నారు. ఇంక మా నాయన పడితే ఒట్టు. గంధర్వుడు ఒక దెబ్బ వేశాడు, రెండు వేశాడు. మా నాయన మీసం తిప్పుతూ నిలబడే ఉన్నాడు. హార్మోనియం ఆయన చావు పాట మూడోసారి ఎత్తుకున్నాడు.

"పడబ్బా, పడు" అని గంధర్వుడు పళ్ళ సందునుంచి అన్నాడు.

"నేను పడను. నా బామ్మర్దులు సూస్తా ఉండారు" అన్నాడు మా నాయన. మైకు దగ్గరే ఉండటంతో అది ఊరంతా వినిపించింది.

జనం పడీపడీ నవ్వారు. సైకిల్ దేవరాజులుకు ఒళ్ళు మండింది. చెక్క కత్తి నిజంగానే విసిరాడు. మా నాయన కనుబొమ్మ చీలి రక్తం కారింది. అప్పుడైనా పడ్డాడా? కిరీటం పీకి నేలకేసి కొట్టి ఇంటికి నడుచుకుంటూ వచ్చేశాడు. రాకుమారుడు చావకుండా ఇంటికి పోయిన భారతం మా ఊళ్ళోనే జరిగింది.

ఆ రోజుతో ఇద్దరికీ మాటల్లేవు. కమిటీవాళ్ళు ఆ ముక్కను భారతంలోంచే తీసేశారు. వీధిలో అద్దె సైకిళ్ళుండేది ఆయన షాపులోనే కాబట్టి మా నాయన ఏడేళ్ళు ఎక్కడికైనా నడిచే పోయాడు. నూలు మూటలు నెత్తిన పెట్టుకుని, షాపు ముందు నుంచే, మెడ అటు తిప్పుకుని పోయేవాడు. ఒకరి ఉత్తరం ఇంకొకరికి వస్తే పోస్ట్‌మ్యాన్ చేత వెనక్కి పంపించేవాళ్ళు తప్ప పది గడపలు దాటి ఇచ్చేవాళ్ళు కాదు.

సైకిల్ దేవరాజులు కూతురు మునిరత్నమ్మ, నేను ఒకే క్లాసు. పెద్దల గొడవ మాకు పట్టలేదు. పదో తరగతి పాసై, డెబ్బై ఎనిమిదిలో ఇద్దరం టీచర్ ట్రైనింగుకు అప్లికేషను పెట్టాం. సీటు వస్తే నేను టీచర్నవుతాను. రాకపోతే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాలి, అంతే. ఇంట్లో నాలుగో మగ్గం నా కోసం అప్పటికే సిద్ధంగా ఉంది. కార్డు కోసం నెలరోజులు ఎదురుచూశాను. రాలేదు. ఆశ వదులుకున్నాను.

ఒక రోజు పొద్దున్నే ఏడు గంటలకు మా గడప ముందు సైకిల్ బెల్లు మోగింది. చూస్తే సైకిల్ దేవరాజులు. మా నాయన మగ్గం మీద ఉన్నాడు. తల ఎత్తలేదు. దారం లాక్కుంటూ నాడె అటూ ఇటూ పోతూనే ఉంది.

"అమ్మా జ్ఞానాంబా," అన్నాడాయన, మా నాయన అక్కడ లేనట్టే. "నీకు ఇంటర్వ్యూ కార్డు వచ్చిండాది. ఈ పొద్దే, తిరపతిలో, పదకొండు గంటలకి. సర్టిపికెట్లు తీసుకో. ఇప్పుడు కదిల్తే రైలు దొరుకుతాది."

ఆయన వెనక మునిరత్నమ్మ నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నిన్న కొత్త పోస్ట్‌మ్యాన్ మా ఇంట్లో ఇచ్చి పోయినాడు. నాది కాదని తెలిసి దిండు కింద పెట్టుకున్నా. నాకు రాలేదు జ్ఞానా. నీకూ రాకుంటే బాగుండునని..." అని వెక్కివెక్కి ఏడ్చింది. "తెల్లారి నాయనకి చెప్పేసినా."

నాకు కోపం రావలసింది. నిజం చెప్పాలంటే రాలేదు. నేనైతే చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు.

మగ్గం ఆగిపోయింది. పండగపూట తప్ప ఆగని మగ్గం. మా నాయన గుంటలోంచి లేచాడు, చొక్కా కోసం వెతికాడు, దొరక్క తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నేను సైకిల్ క్యారియరు మీద ఎక్కాను. ఏకాంబరకుప్పం స్టేషను దాకా సైకిల్ దేవరాజులు తొక్కుతుంటే మా నాయన వెనకాల పరుగెత్తుకుంటూ వచ్చాడు. రైల్వే గేటు దాకా కనిపించాడు. ఆ తర్వాత కనిపించలేదు. రైలు కూత వేసింది.

"నాయన రాలేదే" అని ఏడుపు మొహం పెట్టాను. పదహారేళ్ళ పిల్లను, తిరుపతికి ఒంటరిగా ఎప్పుడూ పోలేదు.

సైకిల్ దేవరాజులు వెనక్కి చూశాడు, రైలు చూశాడు, సైకిల్ను టీ అంగడి గోడకు ఆనించి నాతో పాటు ఎక్కేశాడు. ఆ రోజు సంత. షాపుకు నాలుగు డబ్బులొచ్చే రోజు. ఆ మాట నాకు చాలా కాలం తర్వాత తట్టింది.

రేణిగుంటలో దిగి, బస్సు పట్టుకుని, పదిన్నరకు చేరాం. ట్రైనింగు స్కూలు గేటు దగ్గర గుమాస్తా, "తండ్రో, గార్డియనో సంతకం పెట్టాల. పిల్ల నాయన పేరు దేవరాజులు అనుంది. యాడ ఆయన?" అన్నాడు.

"నా పేరు దేవరాజులే సార్" అన్నాడు ఈయన.

"అయితే పెట్టు."

కిందామీదా పడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని దేవరాజులు అని రాశాడు. రాసి నా వైపు తిరిగి మెల్లగా, "అబద్దం ఏం చెప్పలేదు గదమ్మా?" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే భయం ఉంది.

"లేదు పెదనాయనా" అన్నాను. ఆ పిలుపు ఆ రోజు నోటికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆ తర్వాత ఆయనను మరోలా పిలవలేదు.

సీటు వచ్చింది. మరుసటేడు, నా పుస్తకాలతోనే చదివిన మునిరత్నమ్మకు కూడా వచ్చింది. ఇప్పుడు ఎనభై ఏడో సంవత్సరం. పిల్లలకు ఎక్కాలు చెప్పి ఇంటికొచ్చిన ప్రతి సాయంత్రం, ఆ కార్డు పొయ్యిలో పడినా ఎవరికీ తెలిసేది కాదు కదా అనుకుంటాను. నా అన్నం ఆ తండ్రీకూతుళ్ళు పెట్టింది. చేతులెత్తి దండం పెట్టడం తప్ప ఏమిచ్చి తీర్చుకోను?

మా నాయన సంగతి చెప్పలేదు కదూ. ఆ రోజు స్టేషనుకు చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. టీ అంగడి దగ్గర ఉన్న సైకిల్ను ఎక్కలేదు. మూడు మైళ్ళు తోసుకుంటూ వచ్చి షాపు ముందు నిలబెట్టి, మేము తిరిగొచ్చేదాకా దానికి కాపలాగా కూర్చున్నాడట. పెదనాయన వచ్చాక సైకిల్ అప్పగించి లేచి వచ్చేశాడు. కృతజ్ఞత అనే మాట ఆయన నోట్లో ఏనాడూ పలకలేదు. వారం తర్వాత పోయి, "గంటసేపు సైకిల్ కావాల" అని అడిగాడు. మూడో నంబరు సైకిల్ తీసుకుని వీధి చివరి దాకా తొక్కి, తిరిగొచ్చి ఇచ్చేశాడు. ఏం పనిమీద పోయావని మా అమ్మ అడిగితే కసురుకున్నాడు.

మరుసటేడు భారతానికి మా నాయనే కమిటీ దగ్గరికి పోయి చిత్రాంగదుల ముక్క మళ్ళీ పెట్టమన్నాడు. వాళ్ళు భయపడ్డారు. పెదనాయన కూడా భయపడ్డాడు. చెక్క కత్తికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. నేను సెలవుకు వచ్చి ముందు వరసలో, మా మేనమామల పక్కన కూర్చున్నాను. ఎండ ఇంకా తగ్గలేదు.

"నా పేరు నీకెందుకు? మార్చుకో!" అని గంధర్వుడు అరిచి కత్తి ఎత్తాడు. ఎత్తాడంతే. కత్తి గాల్లో ఉండగానే మా నాయన, బామ్మర్దుల ఎదుట, కిరీటంతో సహా దభీమని వెల్లకిలా పడిపోయాడు. జనం గొల్లున నవ్వారు. హార్మోనియం ఆయనకు చావు పాట ఎత్తుకునే వ్యవధి కూడా లేదు.

పెదనాయన కత్తి పారేసి పక్కన కూలబడ్డాడు. "నేనింకా కొట్టనేలేదు గదబ్బా!"

మా నాయన కళ్ళు తెరవలేదు. మైకు దగ్గరే ఉండటంతో ఆ మాట కూడా ఊరంతా విన్నది.

"ఎనిమిదేండ్ల కిందటే పడాల్సింది, దేవరాజులూ. ఆలస్యమైంది, ఏమనుకోబాక."