మందిరం పొలంలో రొయ్యల చెరువు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను బందరు నుంచి దివిసీమకు బదిలీ చేశారు. మత్స్యశాఖలో అభివృద్ధి అధికారిని, అందరూ ఎఫ్.డి.ఓ. అంటారు. హోదా వినడానికి బాగానే ఉంటుంది, చేతికింద మనుషులే ఉండరు. రిటైర్మెంటు దగ్గరపడింది కదా, పాము చావకుండా కర్ర విరగకుండా గడిపేద్దామనుకుంటూ వెళ్ళాను.

నా పనిలో సగం చెరువుల అర్జీలే. వరి పొలాన్ని రొయ్యల చెరువుగా మార్చాలంటే మండల స్థాయి కమిటీ ఒప్పుకోవాలి. రెవెన్యూ, వ్యవసాయ, నీటిపారుదల శాఖల వాళ్ళతో కలిసి నేనూ పొలానికి వెళ్ళి చూడాలి. మట్టి, నీరు పరీక్షకు పంపాలి. చుట్టుపక్కల రైతులు తమకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. రొయ్యకు ఉప్పునీరు కావాలి, వరికి అదే విషం. ఇసుక నేలలో ఎంత గట్టు పోసినా ఉప్పు ఊట పక్క చేలోకి దిగుతుంది. ఆ సంతకం అందుకే.

ఆ ఏడాది ఒక పల్లె చర్చి సంఘం నుంచి అర్జీ వచ్చింది. ఎప్పుడో ఒక ముసలావిడ బీదలకు అన్నం పెట్టమని రాసిచ్చిన మూడెకరాలు వాళ్ళకున్నాయి. గుడివాడ వ్యాపారి ఒకాయన వరి కౌలుకు ఎన్నో రెట్లు లీజు ఇస్తానన్నాడు. ఆ డబ్బుతో, వానొస్తే కారే మందిరానికి స్లాబు వేయించాలని సంఘపెద్ద దేవసహాయం గారి తపన. ఆయన రిటైరైన టీచరు, పెన్షనులోంచి ఊరి పిల్లలకు ఫీజులు కట్టే మనిషి. తన కోసం రూపాయి ఆశించరు. నేనూ క్రైస్తవుణ్ణే కనుక ఆ పని చేసిపెడితే నాకూ పుణ్యమే అనిపించింది. కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి.

ఊడ్పులైన కొత్తలో తనిఖీకి వెళ్ళాం. మిగతా అధికారులు దేవసహాయం గారితో కలిసి కాలవ వైపు నడిచారు. పక్కనున్న అరవై సెంట్ల చేలో కరుణమ్మ అనే ఆవిడ కలుపు తీస్తోంది. భర్త పోయాడు, ఆ చేనే ఆధారం. సంతకాల్లో ఆమెదీ ఉంది. దగ్గరికి వెళ్ళి, ఇక్కడ రొయ్యల చెరువు పడితే నీ చేను ఏమవుతుందో తెలుసా అమ్మా అని అడిగాను.

"తెలవకేమండీ, చౌడైపోద్ది. మా పుట్టింటోళ్ళ చేను అట్టాగే పోయింది."

"మరి సంతకం ఎందుకు పెట్టావు?"

"దేవుడి మందిరమండీ. ఆయనిచ్చిన చేను, ఆయనే అడిగితే కాదంటామా? షెడ్డులో రొయ్యలు వలిచే పనికి పోతాలెండి. చేతులున్నాయిగా."

నవ్వుతూనే అంది. అంటూనే పైరు కొసల్ని అరచేత్తో నిమిరింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు అడగనిది కూడా మేం ఇప్పించేస్తున్నాం.

దేవసహాయం గారిని పిలిచి, ఈమె మాట ఒకసారి వినండి అన్నాను. కరుణమ్మ తల ఎత్తలేదు. నేనేమీ అనుకోను చెప్పమ్మా అని ఆయన బతిమాలాక అదే మాట మళ్ళీ చెప్పింది. ఆయన పంచె తడుస్తున్నా చూసుకోకుండా గట్టు మీద కూలబడ్డారు.

"ఆరాధన అయ్యాక ప్రార్థన చేసి సంతకాలు అడిగానండీ. నేను అడిగితే ఈ అమ్మాయి కాదనలేదని నాకు తట్టనే లేదు" అన్నారు. మళ్ళీ ఆయనే, "మనం గృహనిర్వాహకులం, సొమ్ము మనది కాదు, యజమానిదని ప్రతి ఆదివారం చెప్తాను. ఆయన సొమ్ము పెంచమన్నాడు గానీ, ఆయన బిడ్డ కంచం లాక్కుని పెంచమన్నాడా?" అన్నారు.

ఊట ప్రమాదం ఉందని నా నివేదికలో రాద్దామనుకున్నాను. ఆ అవసరం రాలేదు. మర్నాడే ఆయన ఆఫీసుకు వచ్చి అర్జీ వెనక్కి తీసుకున్నారు. వ్యాపారి లీజు ఇంకా పెంచుతానని కబురు పెట్టాడు. సంఘంలో కుర్రాళ్ళు మండిపడ్డారు. అరవై సెంట్ల కోసం మందిరం ఆపుతారా అని మొహాన్నే అడిగారట. ఆపుతానన్నారట ఆయన. ఆ గొడవ విని కరుణమ్మ, నా మూలంగా మందిరం ఆగిపోయిందని ఏడుస్తూ ఆయన ఇంటికి పరిగెత్తింది.

"మందిరం ఆగలేదమ్మా, స్లాబు ఆగింది" అని చెప్పి, అన్నం పెట్టించి పంపారట.

కోతలయ్యాక సంఘంలో పంట పండుగకు నన్ను పిలిచారు. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్ళు మందిరానికి తెస్తారు, ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలు, కోడిపుంజులు, అరటి గెలల మధ్య కరుణమ్మ చేటెడు కొత్త బియ్యం పెట్టింది. దేవసహాయం గారూ నేనూ పోటీపడి పాడాం. ఆయన టీచరు పెన్షను ఎంతవరకు సాగుతుందో నాకు తెలుసు కనుక నేనే గెలిచాను. బజారు ధరకు నాలుగింతలు పెట్టి బియ్యం కొన్నందుకు మా ఆవిడ ముందు తిట్టింది, తర్వాత వండింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి పాటించాను. పక్క రైతు సంతకాన్ని అర్జీదారు ఎదుట తీసుకోలేదు. వాళ్ళ చేలోనే నిలబడి, విడిగా అడిగాను. డబ్బున్నవాడు అడిగితే బీదవాడు కనీసం గొణుగుతాడు. దేవుడి పేరున అడిగితే గొణగడు కూడా. అలాంటప్పుడు రెండోసారి అడిగి తీరాలి.