గోడ మీద నూనె గీతలు

నష్టబేరం చెయ్యడానికి కూడా గుండె ఉండాలి. మా రాజమండ్రి నూనె బజార్లో సరుకు పడవ మునిగి నష్టపోయినవాళ్లున్నారు, బంధువులకి అప్పులిచ్చి నష్టపోయినవాళ్లున్నారు. వీధి వైపు తలుపులుండి, పొద్దున్నే ఎండ పడి, కొట్టుకి ముఖంలా ఉండే ముందుగదిని బావగారి గాజు పెట్టెకి అప్పగించి, జాడీలతో సహా వెనక చీకటి గదిలోకి వెళ్లి కూర్చున్న మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అద్దె లేదు సరికదా, తీసుకోమని బతిమాలింది కూడా నేనే. గోదావరి మీద వంతెన వచ్చి రైలు నడుస్తున్న ఈ రోజుల్లో ఈ సంగతి ఎవరికీ అక్కర్లేదు. కానీ నిన్న ఒకావిడ సీసా తెచ్చి, "వెలుగు చూపించి పొయ్యండి, శెట్టిగారూ" అంది. మా బజార్లో అందరూ అనే మాటే అది. పోసిన సీసాని ఎండకెత్తి, అటూ ఇటూ తిప్పి, పెద్ద పరీక్ష చేసినట్టు తలూపి వెళ్లిపోతారు. "ఏం కనబడిందమ్మా?" అని ఊరుకోలేక అడిగాను. "ఏమోనండీ, మా అత్తగారు ఇలాగే చూసేవారు" అంది. ఆ అత్తగారు ఎవరిని చూసి నేర్చుకుందో నాకు తెలుసు కాబట్టి, బేరాలు లేని మధ్యాహ్నం చూసుకుని ఇది రాస్తున్నాను.

బావగారంటే మా అక్కయ్య భర్త. మా నాన్నగారికి మగదిక్కు నేనొక్కణ్ణే అవడంతో అల్లుణ్ణి ఇంట్లోనే ఉంచుకుని కొట్లో కూర్చోబెట్టారు. మనిషి మంచివాడు, లెక్కలో దిట్ట, ఇంగ్లీషు బళ్లో నాలుగు ముక్కలు చదువుకున్నవాడు. ఒక్కటే లోపం. పెళ్లయిన ఏడాదే వచ్చిన విషజ్వరం ఆయన్ని వదులుతూ వదులుతూ వాసన పట్టే శక్తిని పట్టుకుపోయింది. బట్టల కొట్లో అయితే పోనీలే అనుకోవచ్చు. నూనె కొట్లో ముక్కంటే తాసు లాంటిది. చేతి వెనక ఒక చుక్క వేసుకుని, రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఏ ఊరి నువ్వులో, గానుగ ఎన్నాళ్ల క్రితం కడిగారో చెప్పడం మా నాన్నగారికి ఆవలించినంత సులువు. బావగారు చుక్క వేసుకునేవారు, రుద్దేవారు, కళ్లు మూసుకునేవారు, ఆ తరవాత నావైపు చూసేవారు. నేను పెదాలు కదిపి చెప్పేవాణ్ణి. అలా కొంతకాలం లాక్కొచ్చాం. ఒక వేసవిలో నేను లేని పూట, పెద్దాపురం నుంచి వచ్చిన మంచి ఖాతా ఇంటివాళ్లకి ఆవకాయలోకి పప్పునూనె బదులు కొబ్బరినూనె కొలిచి పంపారు. మూడోనాడు జాడీ మూత తీసినవాళ్లు జాడీతో సహా బండి కట్టుకుని వచ్చారు. కొట్టు ముందు నిలబడి ఆ ఇంటి పెద్దావిడ అన్న మాటలు ఇక్కడ రాయను. నువ్వులనూనె పొయ్యాల్సిన ఆవకాయలో కొబ్బరినూనె తగిలిందంటే గోదావరి జిల్లాలో అది ఎంత నేరమో తెలిసినవాళ్లు ఊహించుకోవచ్చు.

ఆ సాయంత్రం నాన్నగారు ఒకటే మాట అన్నారు. "కాకినాడ ఓడరేవులో గుమస్తా పని చూశాను. అక్కడ మూటలు లెక్కపెడితే చాలు, వాసన చూడక్కర్లేదు." బావగారు తల వంచుకున్నారు. అక్కయ్య వంటింట్లో మూకుడు పొయ్యి మీద పెట్టిన చప్పుడుకి పిల్లి గోడ దూకింది. ముక్కు లేనివాడని అల్లుణ్ణి పడవెక్కించి పంపేస్తే, ఆ మాట ఆయనకంటే ముందు కాకినాడ చేరుతుందని ఆవిడకి తెలుసు.

బావగారు మాత్రం వారం తిరక్కుండా నన్ను పెరట్లోకి పిలిచి ఒక వింత చూపించారు. మూడు గాజు పలకల్ని వడ్రంగి జిగురుతో అతికించి ముక్కోణపు డొప్పలాంటిది చేశారు. అందులో నూనె పోసి సన్నటి ఎండ గీతని దానిగుండా పోనిస్తే, వెలుగు తిన్నగా వెళ్లకుండా పక్కకి వంగి గోడ మీద పడుతోంది. అంతవరకూ బళ్లో పంతులు గాజు ముక్కతో చూపించినదేనట. అక్కడి నుంచి మాత్రం బావగారి సొంతం. కొబ్బరినూనెలో వెలుగు కాస్త తక్కువ వంగుతుంది, పప్పునూనెలో ఇంకొంచెం ఎక్కువ, ఆముదంలో అంతకంటే ఎక్కువ. ఏ నూనె గీత దానిదే, పుట్టుమచ్చలాగ. వెలుగు విడిపోయి ఇంద్రధనుస్సులా పరుచుకుంటే నేను ఆహా అని నోరు తెరిచాను. ఆయన విసుక్కుని పగిలిన దీపం ఎర్రగాజు ముక్క అడ్డం పెట్టి రంగులన్నీ తీసేసి, ఒక్క ఎర్రగీత మిగిల్చారు. "అందం కాదు బావమరిదీ మనకి కావలసింది, ఆనవాలు" అన్నారు. నూనె వేడెక్కితే గీత జారుతుందని మొదట్లో తెలియక నెల్లాళ్లు జుట్టు పీక్కున్నారు. తెలిశాక ప్రతి నూనెనీ నీళ్లతొట్టిలో నానబెట్టి, అన్నీ ఒకే చల్లదనానికి వచ్చాకే పోసేవారు. వడ్రంగి జిగురు తోళ్లతో వండుతారు కాబట్టి, ముట్టుకున్న రోజున నెత్తిన నీళ్లు పోసుకుంటే గాని అక్కయ్య అన్నం పెట్టేది కాదు. ఆ సంవత్సరం మా బావగారంత శుభ్రంగా రాజమండ్రిలో ఎవరూ ఉండి ఉండరు.

పెరట్లో చోటు చాలలేదు. వెలుగు ఎంత దూరం వెళితే గీతలు అంత ఎడంగా పడతాయి. అంత పొడుగూ, ఎదురుగా తెల్లటి గోడా, తిన్నగా ఎండా ఉన్నది మా ముందుగదికే. అలా వచ్చింది నా మహా బేరం. నాన్నగారు నన్ను ఎగాదిగా చూసి, "వీడికి కూడా జ్వరం వచ్చిందా?" అన్నారు గాని, కొట్టు అప్పటికే నా పేర పెట్టేశారు కాబట్టి కాదనలేకపోయారు. బదులుగా ఒక షరతు పెట్టారు. బజారు పెద్దల ఎదుట ఒక్క పరీక్ష. గిన్నెల్లో ఏముందో వెలుగు సరిగ్గా చెబితే, ఇకమీదట కాలవ పడవల్లో వచ్చే ప్రతి డబ్బా అల్లుడి మాట మీదే కొంటాం. ఒక్కటి తప్పినా కాకినాడ పడవ.

పరీక్షకి మచ్చలేని పప్పునూనె తెమ్మని నాన్నగారు నన్నే పంపారు, మా బజార్లో పెద్దదిక్కైన గానుగ పెద్దాయన దగ్గరికి. ఆయన నూనెకి వంక పెట్టినవాడు పుట్టలేదు. సోలెడు కొలిపించాను. కొలిచాక ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? కొసరు అడిగాను. గరిటెడు పోశారు. "ఇంతేనా పెద్దాయనా, ఇవాళ మా ఇంటి పరువు సంగతి" అన్నాను. ఇంకో గరిటె. "మా అక్కయ్యకి చెబుతాను మీ చెయ్యి పెద్దదని" అన్నాను. ఇంకొకటి. సోలెడుకి ఇంచుమించు గిద్దెడు, అంటే పావొంతు, కొసరు రాబట్టి, యుద్ధం గెలిచినవాడిలా ఇంటికొచ్చాను.

ముందుగది నిండిపోయింది. తలుపులు మూసి, సందులోంచి ఎండని అద్దంతో లోపలికి తిప్పారు. గోడ మీద కావిరంగుతో గీసిన మూడు గీతలు: కొబ్బరి, పప్పు, ఆముదం. బావగారు వీపు తిప్పుకుని నిలబడితే, నాన్నగారు గిన్నెలు మార్చి పెట్టారు. పెద్దలందరూ ముందుగా వాసన చూసి, పేర్లు మనసులో పెట్టుకున్నారు. మొదటి నూనె పోశారు. ఎర్రటి గీత మెల్లగా కదిలి ఆముదం గీత మీద కూర్చుంది. రెండోది కొబ్బరి. గదిలో గుసగుసలు లేచాయి. మూడోది పోశారు. గీత వచ్చి, పప్పునూనె గీతకి రెండు వేళ్లు ఇవతలే ఆగిపోయింది.

"పప్పునూనేనండీ, కానీ కొబ్బరి కలిసింది" అన్నారు బావగారు.

గానుగ పెద్దాయన లేచి నిలబడ్డాడు. "నా నూనెలోనా! ఏవండీ శెట్టిగారూ, ఇంటికి పిలిచి అనిపిస్తారా?"

పెద్దలు మళ్లీ వాసన చూశారు. ముక్కులన్నీ ఏకగ్రీవంగా శుద్ధమైన పప్పునూనె అన్నాయి. "వేడి వల్లనేమో చూసుకో" అన్నారు నాన్నగారు. గొంతులో గెలుపు లేదు, జాలి ఉంది. అది ఇంకా ఘోరం. బావగారు నూనె వంచి, నీళ్లతొట్టిలో పెట్టి, ఓపిగ్గా చల్లార్చి మళ్లీ పోశారు. గీత మళ్లీ అక్కడే ఆగింది. గుమ్మం వెనక అక్కయ్య గాజుల చప్పుడు ఆగిపోయింది. పొరపాటు పడ్డానండీ అంటే పెద్దాయన పరువు నిలుస్తుంది, బావగారు పడవెక్కుతారు. ఆయన గోడ వైపు చూసి, "నా ముక్కు అబద్ధం చెబుతుందండీ, ఇది చెప్పదు" అన్నారు.

"అయితే నా జాడీలోంచి ఇప్పుడే తెప్పించండి" అని అరిచాడు పెద్దాయన. తెప్పించారు. చల్లార్చి పోశారు. గీత వచ్చి పప్పునూనె గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. అంటే జాడీలో నూనె శుద్ధం, గిన్నెలో నూనె కల్తీ. మధ్యలో ఉన్నది నేను. గదిలో ఉన్న కళ్లన్నీ నామీదకి తిరిగాయి.

"నేనేం కలపలేదు, ఒట్టు! కొలిచింది ఆయన, కొసరు పోసింది ఆయన..." అని, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. పెద్దాయన మొహం కూడా మారింది. ఎందుకంటే బజార్లో అందరికీ తెలిసిన, ఎవరూ పైకి అనని సంగతి ఒకటుంది. కొలతపాత్రల కింద ఒక కుండ ఉంటుంది. రోజంతా కారిన అన్ని నూనెల చుక్కలూ అందులోకి దిగుతాయి. కొలత జాడీలోంచి, కొసరు ఆ కుండలోంచి. కోనసీమ పడవలొచ్చే రోజులు కాబట్టి ఆ కుండనిండా కొబ్బరినూనే.

"ఏం పెద్దాయనా?" అన్నారు నాన్నగారు.

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "శుద్ధమైన నూనె అడిగారు, ఇచ్చాను. కొసరు అడిగారు, ఇచ్చాను. కొసరుకి శుద్ధి కావాలని ఏ తండ్రి కొడుకు అడిగాడండీ?" అన్నాడు. ముందు నవ్వింది ఆయనే. ఆ తరవాత గది గదంతా పగలబడి నవ్వింది. అంతమంది ముక్కులకి అందని మూడు గరిటెల కొసరుని ఒక ఎండ గీత పట్టుకుంది! నాన్నగారు లేచి, అప్పటిదాకా "ఏమయ్యా" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి, "అల్లుడు గారూ, మన కొట్లో జాడీలు కూడా ఒకసారి చూసి పెట్టండి" అన్నారు. గుమ్మం వెనక గాజులు మళ్లీ మోగాయి. ఆ వారంలోనే బజార్లో ప్రతి కొట్లోనూ కొలతపాత్రల కింద కుండ మాయమైంది, కొనేవాళ్లు సీసాని ఎండకెత్తి చూడ్డం మొదలెట్టారు. కొసరు కూడా జాడీలోంచే పొయ్యాల్సి రావడంతో, షావుకార్లందరికీ ఒక్కసారిగా చెయ్యి చిన్నదైపోయింది. అడిగి తీసుకునే నా విద్య అక్కడితో సమాప్తం.

ఇక లెక్క. ముందుగది పోవడంతో ఎదురు కొట్టుకి తరలిపోయిన ఖాతాలు తిరిగి రాలేదు. కల్తీ పట్టినందుకు బజారు పెద్దలు ఒప్పుకున్న పరీక్ష రుసుము మొదటి ఏడాది నవ్వుతూ ఇచ్చారు, రెండో ఏడాది మూలుగుతూ ఇచ్చారు, ఆ తరవాత ఇవ్వలేదు. గాజు డొప్ప జిగురు ప్రతి రోహిణి ఎండలకీ ఊడేది, ప్రతిసారీ కొత్త ఖర్చు. బావగారు పోయాక దాన్ని నడిపే ఓపిక ఎవరికీ లేకపోయింది, గీతల మీద సున్నం పడింది. నష్టం నా పేరే రాసుకున్నాను, దాచను. అయినా ఆయన పడవెక్కలేదు, అక్కయ్య చివరిదాకా మా ఇంట్లో తలెత్తుకుని తిరిగింది. ఆ పద్దు ఏ వైపు వెయ్యాలో తెలీక ఖాళీ వదిలేశాను. కూడి చూసినా తీసి చూసినా నష్టమే వస్తోంది గాని, ఆ పూట గోడ మీద ఎండ నిలబడిన కాస్సేపూ నా వ్యాపారపు ముప్పై ఏళ్లకంటే పొడుగ్గా కనిపిస్తోంది.